రెండో కొస

ఇంట్లో దుప్పటి మడతపెట్టాలంటే ఒక కొస పళ్ళతో పట్టుకోవాలి. నాకున్నవి రెండు చేతులే కదా. రెండు మూలలు చేతుల్లోకి తీసుకుంటే మిగతా సగం నేల మీద జీరాడుతుంది, మళ్ళీ ఉతుక్కోవాలి. అందుకని నడిమి అంచు పళ్ళతో కరిచిపట్టి, గడ్డంతో ఛాతీకి అదిమి, చేతులతో కిందిది పైకి లాక్కోవాలి. పదహారేళ్ళుగా ఇంతే. ముందుపన్ను ఒకటి అంచు అరిగిపోయింది. పళ్ళ డాక్టరు చూసి, "దారం కొరికే అలవాటుందా? కుట్టుపని చేస్తారా?" అని అడిగాడు. "లేదండీ, సంసారం చేస్తాను" అన్నాను. పకపకా నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నాడు పాపం.

నా ఉద్యోగం కూడా దుప్పట్లు మడతపెట్టడమే. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, కిటికీల్లేని బట్టల గది. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు అవతలి గదిలో ఉతికి, ఆరబెట్టి, వేడివేడిగా మా బల్లల మీద పోస్తారు. అక్కడ ఎవరూ ఒంటరిగా మడతపెట్టకూడదు, అది రూలు. దుప్పటి నేలకి తగిలితే రోగులకి ప్రమాదం. కాబట్టి ప్రతి దుప్పటికీ ఇద్దరు. నాకు జత పొడుగక్క. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఆమె రెండు మూలలు, నేను రెండు మూలలు. లాగి ఒక్కసారి విదిలిస్తాం, ఫట్ మంటుంది. ఆమె నాలుగడుగులు నా వైపు, నేను నాలుగడుగులు ఆమె వైపు. ఆమె మూలలు నా చేతిలో పెడుతుంది, వంగి మడత అందుకుంటుంది. మాటల్లేవు. తొమ్మిదేళ్ళలో ఒక్క దుప్పటి కింద పడలేదు. నా జీవితం మొత్తం మీద ఎదుటి కొస ఇంకొకరు పట్టుకున్న చోటు అదొక్కటే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. బుర్ర తక్కువ దాన్ని కాదు, తీరిక తక్కువ దాన్ని.

ఆ మధ్య కొత్త మడత యంత్రం వచ్చింది. ఎవరినీ తీసెయ్యం, కావాలంటే వారానికి నాలుగు రోజులే పనిచెయ్యొచ్చు, జీతంలో ఐదో వంతు తగ్గుతుంది, గురువారం మీది అన్నారు. పని తగ్గించుకుని జీవితాన్ని తృప్తిగా మలచుకోవడం ఎలాగో చెప్పడానికి బయటి నుంచి ఒకాయన్ని పిలిపించారు. ఆయన మాకందరికీ తలొక కాగితం, రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చాడు. వెంటనే ఆయన పేరు రంగుపెన్సిళ్ళాయన అయిపోయింది. కాగితం మీద గుండ్రంగా గీత, చుట్టూ ఇరవైనాలుగు గళ్ళు. ఒక్కో పనికీ ఒక్కో రంగు, ఎన్ని గంటలైతే అన్ని గళ్ళు నింపండి, చివర్న కూడండి అన్నాడు.

నాకు గళ్ళు చాల్లేదు. వృత్తం బయట కూడా గీశాను. కూడితే ముప్ఫైఒకటి వచ్చింది.

రంగుపెన్సిళ్ళాయన నా కాగితం పైకెత్తి అందరికీ చూపించాడు. "అమ్మా, మీ ఊళ్ళో రోజుకి ఎన్ని గంటలండీ?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు కదా.

"ఎక్కడో తప్పు పోయింది, మళ్ళీ చూసుకోండి" అన్నాడు. చూసుకున్నాను. బస్సులో గంటంబావు ప్రయాణం. ఆ గంటంబావులో మా అమ్మాయి చొక్కాకి గుండీలు కుడతాను, కూరలు ఒలుస్తాను. అది ప్రయాణంలో వెయ్యాలా, ఇంటిపనిలో వెయ్యాలా? రెంట్లోనూ వేశాను. అత్తయ్య పిలిస్తే లేవాలని ఒక చెవి తెరుచుకుని పడుకుంటాను. అది నిద్రా, కాపలానా? రెంట్లోనూ వేశాను. పొయ్యి దగ్గర నిలబడి పాఠం అప్పచెప్పించుకోవడం, ఫోన్లో ఆడపడుచు గోడు వింటూ గిన్నెలు తోమడం, అన్నీ రెండేసి రంగులు. తప్పు లేదు, సరిగ్గానే ఉంది. నేను పక్కకి చూస్తే పొడుగక్క కాగితం మీద ఇరవైతొమ్మిది ఉంది, ఆమె దాన్ని అరచేత్తో మూసుకుంది. వంటశాల లెక్కలు రాసేవాడికి మాత్రం సరిగ్గా ఇరవైనాలుగు వచ్చింది. అందులో నాలుగు గళ్ళు పసుపుపచ్చ. పసుపుపచ్చ అంటే 'నా కోసం' అట.

"మీకు ఏం చేస్తే తృప్తిగా ఉంటుంది?" కింద ఆ ప్రశ్న ఉంది, పక్కన ఖాళీ గీతలు మూడు. అందరూ రాస్తున్నారు. సంగీతం, ఈత, మొక్కలు. నేను పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాకు ఏది ఇష్టం అని లోపల వెతికితే, మా ఆయనకి ఏ కూర ఇష్టమో వస్తోంది. అమ్మాయికి ఏ రంగు ఇష్టమో వస్తోంది. అత్తయ్యకి తలగడ ఎంత ఎత్తుండాలో వస్తోంది. నలభైమూడేళ్ళ ఆడదాన్ని, నా ఇష్టం కోసం తడుముకుంటూ, పరాయి ఇంట్లో చీకట్లో స్విచ్చి వెతికినట్టు వెతుక్కుంటున్నాను. చివరికి ఒక్క మాట రాశాను.

కూర్చోవడం.

"కూర్చుని ఏం చేస్తారు?" అన్నాడు రంగుపెన్సిళ్ళాయన.

"కూర్చుంటానండీ."

గురువారం తీసుకుంటూ ఆ రోజే సంతకం పెట్టాను.

*

ఇంట్లో చెప్పింది భోజనాల దగ్గర. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. ఉద్యోగంలో ఒక రోజు తగ్గిందని ఇంట్లో చెప్పడమంటే, ఖాళీ స్థలం చూపించి ఇదుగో చెత్త ఇక్కడ పొయ్యండి అనడమే.

మా ఆయన నీళ్ళ శాఖలో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి చేసుకోడు, తాగడు, గట్టిగా అరవడు. ఈ మూడూ చెప్పి నాకు పెళ్ళి చేశారు, ఇప్పటికీ ఆ మూడే చెప్పుకుంటున్నారు. సాయంత్రం అయిదున్నరకి చెప్పులు విప్పాడంటే ఆ రోజుకి ఆయన పని అయిపోయినట్టే. తరవాత చదరంగం క్లబ్బు, నడక, వార్తలు. తృప్తికరమైన జీవితాన్ని ఎలా మలచుకోవాలో ఆయనకి ఎవరూ పెన్సిళ్ళు ఇచ్చి నేర్పక్కర్లేదు. పుట్టుకతోనే మలిచి ఇచ్చారు.

"మంచి పని చేశావు. విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఎంత బాగా అన్నాడో అనుకుని ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేశాను. ముద్ద మింగి, "ఎలాగూ ఇంట్లోనే ఉంటావు గనక అమ్మని ఆ రోజు మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నాకు ప్రతిసారీ సెలవు పెట్టడం కుదరట్లేదు" అన్నాడు. ఆయన సెలవు పెట్టింది ఒక్కసారి.

అత్తయ్య అందుకుంది. "పాత దుప్పట్లన్నీ పైనుంచి దింపి ఒకసారి ఎండలో వెయ్యాలి అమ్మాయ్. ఎన్నాళ్ళ నుంచో చెబుదామనుకుంటున్నాను. నీకు తీరికేదీ!"

"అమ్మా, అయితే గురువారం నాకు వేడి వేడి టిఫిన్ క్యారేజీ తెచ్చిస్తావా స్కూలుకి? నీకేం పనుండదు కదా" అంది మా అమ్మాయి. దానికి పదిహేనేళ్ళు. నేను కన్న నోరే అది.

మర్నాటికల్లా ఆడపడుచుకి తెలిసింది. "వదినా, గురువారాలు నువ్వు ఖాళీ అటగా! కవలలిద్దర్నీ నీ దగ్గర దింపి వెళతాను, నాకు కుట్టు క్లాసు ఉంది. నాక్కూడా కాస్త ఊపిరి తీసుకోవాలని ఉంటుంది కదా." ఉంటుంది. ఆమె ఊపిరి తీసుకోవాలంటే నా ముక్కు మూసుకోవాలి. ఇల్లంటే అంతే, ఆడవాళ్ళ మధ్య ఒకటే ఊపిరి వదిలేసి, మీలో మీరు పంచుకోండి అంటారు. మగవాళ్ళ ఊపిరి వేరే పెట్టెలో తాళం వేసి ఉంటుంది.

మూడో గురువారం నేను పొద్దున్న ఐదున్నరకి లేచాను. ఉద్యోగం ఉన్న రోజుకంటే పది నిమిషాలు ముందు. అత్తయ్య పక్క తడిసింది, ఈ మధ్య రోజూ తడుస్తోంది, ఆమె తప్పేం లేదు. దుప్పటి మార్చి, యంత్రంలో వేసి, వంట, డాక్టరు, మళ్ళీ వంట, క్యారేజీ పట్టుకుని స్కూలుకి పరుగు, కవలలు, వాళ్ళు పారబోసిన పాలు, పాత దుప్పట్లు. ఉద్యోగంలో పదింటికి టీ గంట మోగుతుంది. ఇంట్లో ఏదీ మోగదు. పదైనా, రెండైనా, నాలుగైనా మోగదు. గంట లేని చోట పని ఎక్కడ ఆపాలో నా కాళ్ళకి తెలియలేదు. డాబా మెట్లు దిగుతూ, కిందికి చూసి, ఇక్కడి నుంచి జారితే కాలు విరుగుతుందా అని లెక్క వేశాను. నిజం చెబుతున్నాను. కాలొక్కటి విరిగితే ఆరు వారాలు మంచం మీద. మా ఆసుపత్రిలోనే వేస్తారు, పొడుగక్క మడతపెట్టిన దుప్పటి మీద పడుకుంటాను. అది తలుచుకుంటే ఒళ్ళంతా హాయిగా అయ్యింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. విరిగేది కాలే, చేతులు బాగానే ఉంటాయి. మంచం మీదికే కూరలూ కత్తీ తెచ్చి పెడతారు. జాగ్రత్తగా దిగాను.

చదివేవాళ్ళలో ఎవరికైనా ఇది అతిగా అనిపిస్తే, మీ ఇంట్లో ఆవిడని అడగండి, ఎప్పుడైనా జ్వరం రావాలని కోరుకుందేమోనని. మీ ముందు ఒప్పుకోదు. అయినా అడగండి.

ఆ రోజే కనిపెట్టాను బాత్‌రూము సంగతి. తలుపు గడియ వేసి, కుళాయి తిప్పి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు వినపడినంతసేపు ఎవరూ పిలవరు. చేత్తో ఉతికే బట్టలేవో ఉతుకుతోంది అనుకుంటారు. పావుగంట. గోడ మీద పెచ్చు ఊడిన చోట గుర్రం తలలా ఉంది. ఆ ఇంట్లో పదహారేళ్ళున్నాను, ఆ గుర్రాన్ని అప్పుడే చూశాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంచెం ఓపిక కావాలి.

నాలుగో గురువారం కూడా కూర్చున్నాను. అయిదోది అందరికీ సెలవు రోజు. మా ఆయన ఇంట్లో ఉన్నాడు.

"ఎంతసేపు ఆ కుళాయి?" బయటి నుంచి అన్నాడు. "నీళ్ళ శాఖలో పనిచేసేవాడి ఇంట్లోనే ఇలా పారబోస్తే ఊరికి ఏం చెప్తాను నేను?"

కట్టేసి బయటికి వచ్చాను. ఆయన నా బట్టలు చూశాడు, చేతులు చూశాడు. ఎక్కడా తడి లేదు.

"ఏం ఉతికావు?"

"ఏం ఉతకలేదు. కూర్చున్నాను."

"బాత్‌రూములోనా? ఎందుకు? ఇంట్లో ఇన్ని కుర్చీలుండగా!"

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు. "నాకెప్పుడో తెలుసురా. కుళాయి చప్పుడు ఒకే రకంగా వస్తే ఉతుకుతున్నట్టా? ఉతికితే ఆగి ఆగి వస్తుంది. నీ పెళ్ళాం కంటే ముందు ఈ ఇంటికి కోడల్ని నేను. ఇవన్నీ నాకు నేర్పుతుందా!"

ఆవిడకి తెలుసు. ఎలా తెలుస్తుంది, తనూ కూర్చుని ఉంటేనే కదా. ఏ గోడ మీది ఏ గుర్రాన్ని చూస్తూ కూర్చుందో. అలాంటి మనిషి నన్ను పట్టించింది. కొడుకు నవ్వాడు. "మా ఆవిడ సెలవు తీసుకుంది బాత్‌రూములో కూర్చోవడానికి" అని సాయంత్రం ఫోన్లో చెల్లెలికి చెప్పాడు. చదరంగం క్లబ్బులో కూడా చెప్పి ఉంటాడు. నా జీవితంలో నాకంటూ ఉన్నది పావుగంట, దాన్ని జోకు చేసి ఊరంతా పంచిపెట్టాడు.

మర్నాడు పనిలో మొదటిసారి నా చేతిలోంచి దుప్పటి మూల జారింది. పొడుగక్క తన వైపు గుంజి, నేలకి తగలకుండా ఆపింది.

"ఏమైందే నీకు?"

చెప్పాను. మెట్ల సంగతి కూడా చెప్పాను. ఆమె దుప్పటి నా వైపు నడిపించుకుంటూ వచ్చి మూలలు నా చేతిలో పెట్టి, అక్కడే ఆగింది.

"పని తగ్గించుకోమంటే ఇది తగ్గించుకున్నావేంటే, పిచ్చిమొహమా? దీనికి గంటుంది. కుర్చీ ఉంది. నేనున్నాను. గంటలేని దాన్ని వదిలిపెట్టి గంట ఉన్నదాన్ని కోసుకున్నావు."

"నువ్వు తగ్గించుకోలేదేం మరి?"

"నాకు పిచ్చా? ఇంటికెళితే నేనూ పళ్ళతో పట్టుకునేదాన్నే." పెదవి పైకెత్తి చూపించింది. ఆమెకి రెండు పళ్ళు అరిగాయి.

భోజన విరామంలో మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా గురువారం వెనక్కి తీసుకోండి, అయిదు రోజులూ వస్తానన్నాను. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "ఆర్నెల్ల దాకా మార్చడానికి లేదమ్మా. సంతకం పెట్టావు కదా. అయినా విచిత్రంగా ఉందే, అందరూ విశ్రాంతి కోసం పోట్లాడతారు, నువ్వు పని కోసం వచ్చావు. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?"

"ఇల్లే ఇబ్బందండీ."

ఆవిడ నవ్వలేదు. బల్ల మీది కాగితాలు సర్దుకుంది. ఆవిడ చేసేది కూడా ఏముంటుంది.

ఆర్నెల్లు. ఇంకా ఇరవైఒక్క గురువారాలు. బస్సులో గుండీలు కుట్టలేదు ఆ రోజు. కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వెనక్కి వెళ్ళడానికి లేదు. ఇలాగే ముందుకీ వెళ్ళలేను. ఇంకో నాలుగు గురువారాలైతే నేను నిజంగా ఆ మెట్ల మీద నుంచి జారతాను, పొరపాటున జారాననే చెబుతాను, అందరూ నమ్ముతారు, నేనూ నమ్ముతాను. అది నాకు స్పష్టంగా కనపడింది, ఎదురుగా వస్తున్న బస్సు నంబరు కనపడినంత స్పష్టంగా.

*

తరవాతి గురువారం అయిదున్నరకి మెలకువ వచ్చింది. లేవలేదు. ఆరైంది. పక్కనుంచి మా ఆయన, "లేవలేదేం? ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది."

అది ఆయనకి అర్థం కాలేదు. ఒంట్లో బాగుండి ఆడది పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆరున్నరకి లేచి మొహం కడుక్కుని, వంటింట్లోంచి కుర్చీ తెచ్చి ముందు గది మధ్యలో వేసుకుని కూర్చున్నాను. బాత్‌రూములో కాదు, గడియ వేసి కాదు, కుళాయి తిప్పి కాదు. అందరూ తిరిగే చోట.

అబ్బో, అదేదో సుఖంగా ఉంటుందనుకునేరు. నరకం. నా చేతులు నా మాట వినలేదు. బల్ల మీద పుస్తకాలు చిందరవందరగా ఉంటే అటు పోయాయి, కుర్చీ చేతి మీద తువ్వాలు కనపడితే మడతపెట్టబోయాయి. వాటిని తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. నా చేతుల మీద నేనే కాపలా. లోపల అత్తయ్య పక్క తడిసే ఉంటుంది. ఆవిడ అలాగే పడుకుని ఉంటుంది. నేనొక ముసలామెని తడిలో వదిలేసి కుర్చీలో కూర్చున్నాను. ఎంత పాపిష్టిదాన్ని అనిపించింది. పదహారేళ్ళు నన్ను నడిపించింది ఆ మాటే, 'ఎంత పాపిష్టిదాన్ని'. దానికి జవాబు నా దగ్గర లేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఉంది. ఆవిడ కన్న కొడుకు పది అడుగుల దూరంలో గడ్డం గీసుకుంటున్నాడు. తడి పక్క అతనికి ఎందుకు పట్టదు?

"అమ్మాయ్!" అంది అత్తయ్య. నేను కదల్లేదు. "అమ్మాయ్!" మళ్ళీ. మూడోసారి, కాస్త ఆగి, గొంతు మారి, "ఒరేయ్..." అంది.

మా ఆయన సగం గడ్డానికి నురగతో వచ్చాడు. నన్ను చూశాడు. "అమ్మ పిలుస్తోంది."

"మిమ్మల్నే."

"ఏమైంది నీకు ఇవాళ? ఎవరి మీద కోపం? ఏదైనా ఉంటే మాట్లాడుకుందాం, ఇలా సాధించడం ఏంటి?"

"ఇవాళ నాకు పనిలేదండీ. గురువారం. విశ్రాంతి తీసుకోమన్నారు మీరే."

"నాకు ఆఫీసు ఉంది!"

"నాకూ నాలుగు రోజులు ఉంటుంది."

ఆయన లోపలికి వెళ్ళాడు. తల్లిని లేపి కూర్చోబెట్టిన అలికిడి. "ఇలా కాదురా, అటు నుంచి పట్టుకో" అని ఆవిడ అంటోంది. తడి దుప్పటి బయటికి విసిరాడు. ఆరిన దుప్పటి కోసం వెనక తీగ దగ్గరికి వెళ్ళాడు. నిన్నటిది, పెద్దది, రెండు మంచాల దుప్పటి. దాన్ని మడతపెట్టకుండా తెస్తే వాకిలి ఊడుస్తూ వస్తుంది. అలాగే వచ్చింది. గది మధ్యలో నిలబడి రెండు చేతులూ బార్లా చాపాడు. సగం నేల మీద. ఎత్తి పట్టుకుంటే అవతలి సగం జారింది. సగం గడ్డం నురగ దుప్పటికి అంటుకుంది. నా చేతులు తొడల కింద గిలగిల్లాడాయి. వేళ్ళు తిమ్మిరెక్కాయి. లేవకు, లేవకు.

మా అమ్మాయి స్కూలు బట్టల్లో వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్ననీ, నన్నూ, దుప్పటినీ చూసింది. దాని చేతులు కూడా వాటంతటవే ముందుకి చాచుకున్నాయి. నా చేతులే, అచ్చం. ఎవరూ చెప్పలేదు దానికి, ఎవరూ నేర్పలేదు.

"నువ్వు ఆగు" అన్నాను. "వచ్చి నా పక్కన కూర్చో."

అది వచ్చి కూర్చుంది.

"ఏం మనుషులే మీరు!" అన్నాడు మా ఆయన. గొంతులో కోపం లేదు, బెదురుంది. "ఒక్కడి వల్ల ఎలా అవుతుంది ఇది? రెండో కొస ఎవరు పట్టుకుంటారు?"



"పళ్ళతో పట్టుకోండి" అన్నాను.